రూపాయిలో అణా పుణ్యం

ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం దాటిందంటే గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద బండి కదలదు. కదలాల్సిన పనీ ఉండదు. ఆ రాత్రికి రోడ్డు కాళ్ళది. సింహాచలం కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం ఒడ్డుకు వెళ్ళి, విశాఖపట్నం చుట్టి, మాధవధార, ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటి ఇక్కడికి చేరతారు. గిరిప్రదక్షిణ మొత్తం 32 కిలోమీటర్లు. గోపాలపట్నం వచ్చేసరికి మోకాళ్ళు చెప్పిన మాట వినవు, అరికాళ్ళు బొబ్బలెక్కి ఉంటాయి. ఇంకాస్త నడిస్తే ప్రహ్లాదపురం, ఆ తర్వాత మళ్ళీ అప్పన్న కొండే.

ఆ రోడ్డుకు రెండు వైపులా రెండు రకాల మనుషులు రాత్రంతా నిలబడి ఉంటారు. ఒక రకం టెంటు వేసి, మైకు పెట్టి, మజ్జిగా పులిహోరా మంచినీళ్ళూ ఊరికే పంచేవాళ్ళు. రెండో రకం తోపుడుబండి మీద నీళ్ళ సీసాలు, ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు, అరటిపళ్ళు పెట్టుకుని అమ్మేవాళ్ళు. నిద్ర ఇద్దరికీ లేదు. నడుంనొప్పి ఇద్దరిదీ ఒకటే. ఎండిపోయిన గొంతుకు ఊరికే వచ్చిన నీళ్ళేవో, కొన్న నీళ్ళేవో తెలియదు. అయినా తెల్లారేసరికి మొదటివాడికి పుణ్యం వచ్చిందంటారు, రెండోవాడికి బేరం అయిందంటారు.

ఈ పద్దు ఎవరు రాశారన్నది పాత ప్రశ్న. రైళ్ళు రాకముందు, యాత్ర అంటే కొందరు కూర్చోవడం, కొందరు మోయడం అయిన రోజుల్లో అది ఇంకా సూటిగా ఉండేది: పల్లకీ మీద చేరిన కాశీ ఎవరిది? ఎక్కినవాడిదా, మోసినవాడిదా?

శాస్త్రకారులు ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. తప్పించుకోకపోగా లెక్కలు కట్టారు. ప్రయాగ, కాశీ, గయ యాత్రల మీద 16వ శతాబ్దంలో కాశీలో నారాయణభట్టు రాసిన త్రిస్థలీసేతువు, ఆ కోవలోని ఇతర నిబంధన గ్రంథాలు తీర్థఫలాన్ని ఎకరం పొలంలా వాటాలు వేస్తాయి. ఇంకొకరి కోసం తీర్థానికి వెళ్ళినవాడికి పదహారో వంతు. వేరే పని మీద వెళ్ళి, ఎలాగూ వచ్చాం కదా అని ఒక మునక వేసినవాడికి సగం. వాహనం ఎక్కి వెళితే సగం ఫలం పోతుంది. గొడుగూ చెప్పులూ వాడితే అందులో సగం. దారిలో వ్యాపారం చేస్తే ముప్పాతిక. దానం పుచ్చుకుంటే మొత్తం. పందొమ్మిదో శతాబ్దపు తెలుగువాడికి ఈ భిన్నాలన్నీ నోటిలెక్కే. రూపాయికి పదహారణాలు కాబట్టి పదహారో వంతంటే ఒక అణా.

ఈ అణాను ఒక నిజమైన యాత్ర మీద పెట్టి చూడొచ్చు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. వెంట దాదాపు వంద మంది. హైదరాబాదు, నాగపూరు దారిలో పైకి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని ఉత్తరాంధ్ర తీరం వెంబడి దిగివచ్చాడు. ఎక్కడ మజిలీ చేశాడో, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో, సత్రం ఉందో లేదో, దారి రాళ్ళదో బురదదో, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాస్తూ పోయాడు. ఆ రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. తెలుగు వచనంలో అంతకు ముందు అలాంటి పుస్తకం లేదు. ఆ పదిహేను నెలలూ ఆయన పల్లకీని మోసింది బోయీలు.

ఒక పల్లకీకి పన్నెండు మంది బోయీలు అనుకుందాం. దూరప్రయాణాల్లో భుజాలు మార్చుకోవడానికి అలాంటి లెక్కే ఉండేది. వాహనం ఎక్కిన నేరానికి పల్లకీలో ఆయనకు మిగిలేది ఎనిమిదణాలు. ఇంకొకరి కోసం వచ్చినవాళ్ళు కాబట్టి బోయీలకు తలా ఒక అణా. కలిపితే పన్నెండణాలు! మోసినవాళ్ళ మూట ఎక్కినవాడి మూటకంటే బరువైంది. పుణ్యాన్ని ఇలా కూడకూడదని పండితుడు గదమాయిస్తాడు, నిజమే. ఆ పదహారో వంతు మాట అసలు ప్రతినిధిగా వెళ్ళేవాణ్ణి ఉద్దేశించి చెప్పిందని, బోయీకి వర్తించదని కూడా అంటాడు. సరే, వర్తించదనే అనుకుందాం. అప్పుడు బోయీ ‘వేరే పని మీద వెళ్ళి మునక వేసినవాడు’ అవుతాడు. అతని వాటా అణా కాదు, అర్ధరూపాయి. పల్లకీలో కూర్చున్నాయనతో సమానం. కాదు, కూలి పుచ్చుకున్నాడు కనక వ్యాపారి కింద జమకట్టాలంటే పావలా. ఏ పద్దులో వేస్తే ఆ వాటా. కోర్టులో బతికిన వీరాస్వామయ్యకు ఈ వాదన చెబితే నవ్వుకునేవాడేమో.

నవ్వు అక్కడే ఆగిపోయే చోటు ఒకటుంది. వాహనం ఎక్కినవాడి సగం ఫలం పోతుందని గ్రంథం చెబుతుంది. ఎక్కడికి పోతుందో చెప్పదు. పోయిన ఎనిమిదణాలు మోసినవాడి ఖాతాకు చేరతాయన్న మాట ఎక్కడా లేదు. ఊరి కోమటి చిట్టాలో ఖర్చు రాస్తే జమ ఎక్కడో చూపించాలి, లేకపోతే గుమాస్తా ఉద్యోగం ఊడుతుంది. పుణ్యం చిట్టాలో మాత్రం ఒకరి పద్దులో కొట్టేసిన సొమ్ము ఇంకెవరి పద్దులోనూ కనపడదు. గొడుగు దగ్గర నుంచి చెప్పుల దాకా తరుగు లెక్కగట్టిన బుద్ధిమంతులకు, పల్లకీ బొంగు కింద భుజం ఒకటి ఉందన్న సంగతి తట్టకపోవడం విచిత్రమే.

తట్టకపోవడానికి కారణం వెతికితే మీమాంస దగ్గరకు వెళ్ళాలి. జైమిని సూత్రాల మూడో అధ్యాయంలో యజ్ఞఫలం ఎవరికన్న చర్చ ఉంది. మంత్రం చదివేవాడు ఒకడు, నెయ్యి పోసేవాడు ఒకడు, సోమలత దంచేవాడు ఒకడు. యజమాని చాలాసేపు ఊరికే కూర్చుంటాడు. అయినా స్వర్గం యజమానిదే. ఎందుకంటే ఋత్విక్కుల పనిని అతను దక్షిణతో కొనుక్కున్నాడు. ఆ కొనుగోలుకు పరిక్రయం అని పేరు. యజమాని స్వయంగా చేయాల్సింది ముఖ్యంగా ఒక్కటే: ద్రవ్యాన్ని వదిలేస్తూ, ఇది నాది కాదు అనడం. వదులుకున్నవాడికి ఫలం, పనిచేసినవాడికి కూలి. బ్రాహ్మణ ఋత్విక్కుకే ఈ నియమం వర్తించినప్పుడు బోయీ సంగతి చెప్పాలా?

ఆ మీమాంసే ఇంకో వైపు తలుపు కూడా తెరిచి ఉంచింది. సత్రయాగం అని ఒకటుంది. ఎన్నో రోజులు సాగే ఆ యాగంలో ఋత్విక్కులంతా యజమానులే. దక్షిణ ఎవరూ ఇవ్వరు, ఎవరూ పుచ్చుకోరు. ఫలం అందరిదీ. ఈ సత్రమే తెలుగునాట దారిపక్కన అన్నం పెట్టే సత్రమై నిలిచింది. వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ వెతుక్కున్నదీ ఆ మాటనే. గోపాలపట్నంలో మజ్జిగ టెంటు వేసిన కుర్రాళ్ళకు జైమిని ఎవరో తెలియకపోవచ్చు. వాళ్ళు ఆ రాత్రికి వేసింది మాత్రం సత్రమే.

బోయీ అన్న మాట చాలా దూరం నడిచింది. ద్రాక్షారామం శాసనాల్లో బోయలు కనిపిస్తారు. గుడిలో అఖండదీపం పెట్టించిన దాత యాభై గొర్రెల్ని ఇస్తే, వాటిని తోలుకుపోయి, ఏటేటా మంద పెరిగినా తరిగినా దీపానికి నెయ్యి కొలిచి పోస్తానని ఒప్పుకునేవాడు బోయడు. తన తర్వాత కొడుకులు, మనవలు, సూర్యచంద్రులున్నంత కాలం. దాత పేరు రాతి మీద పుణ్యం కోసం చెక్కారు. బోయడి పేరూ చెక్కారు, బాకీ కోసం. అయిదారు వందల ఏళ్ళు గడిచాక ఆ మాటే పల్లకీ కిందకు వచ్చింది. పల్లకీ మోసేవాణ్ణి ఇంగ్లీషువాళ్ళు ‘బాయ్’ అనడం వెనక తెలుగు ‘బోయి’ ఉందని 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు రాసింది. అయిదు పదుల వయసున్న మనిషిని కూడా దొరలు కుర్రాడా అని పిలిచినట్టు వినిపించేది. మాట తెలుగుది, పెత్తనం మాత్రం వాళ్ళది.

దొరల ఇళ్ళలోకి తొంగి చూడటానికి ఒక మంచి కిటికీ ఉంది. రాజమండ్రిలో జడ్జీగా పనిచేసిన జేమ్స్ థామస్ భార్య జూలియా 1836 నుంచి 1839 దాకా ఇంటికి రాసిన ఉత్తరాలు ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’ పేరుతో 1843లో లండన్‌లో అచ్చయ్యాయి. పుస్తకం మీద ఆవిడ పేరు వేయలేదు. తర్వాత రెండో పెళ్ళి ఇంటిపేరుతో జూలియా మెయిట్‌లాండ్‌గా లోకానికి తెలిసింది. తన ఇంట్లో నౌకర్ల జాబితా ఆవిడ సరదాగా, కాస్త విసుగ్గా రాసింది. బట్లరు, బట్టలు అందించే కుర్రాడు, మేటీ అనే కింది నౌకరు, ఇద్దరు ఆయాలు, దాది, వంటవాడు, నీళ్ళు మోసే మనిషి, తోటమాలులు ఇద్దరు, బోయీలు ఆరుగురు, గుర్రాలకు ఇద్దరు, గడ్డి కోసుకొచ్చేందుకు ఇద్దరు, కుక్కల్ని చూసే కుర్రాడు, కోళ్ళవాడు, చాకలి, దర్జీ, వేటగాడు. మొత్తం పాతిక మందికి పైనే. ఈ పటాలమంతా ఒక చిన్న కుటుంబానికి. ఆ జాబితాలో చివరి మనిషి దగ్గర చదివేవాడు ఆగిపోతాడు. అతను దాదికి వంటవాడు.

దొరసాని బిడ్డకు పాలిచ్చే దాది కులం ఉన్న మనిషి. దొరల వంటింట్లో వండింది ముట్టదు. ఆవిడ కులంవాళ్ళే వండిపెట్టాలి. అందుకని దొరసాని తన జీతగత్తె కోసం ఇంకో జీతగాణ్ణి పెట్టింది. ఆవరణలో కొబ్బరాకుల పాక కూడా వేయించింది. ఆ అన్నం మీద ఎవరి నీడైనా పడిందన్న అనుమానం వస్తే దాది ఆ పూట పస్తుండేది. దొరసానికి ఇది నెత్తినొప్పి. ఈ కాలపు పాఠకుడికి కులం పట్టింపుగా కనిపిస్తుంది, అదీ నిజమే. ఆ పట్టింపు వల్ల అదే ఆవరణలో ఎవరెవరు ఎంత దూరంలో నిలబడాల్సి వచ్చేదో ఊహించడం కష్టం కాదు. కానీ దాది వైపు నుంచి చూస్తే ఇంకోటి కూడా కనపడుతుంది. ఒంట్లో ఊరే పాలను అమ్ముకోక తప్పని మనిషికి, అమ్మకానికి పెట్టనిది ఒకటి మిగిలి ఉంది. తన నోట్లోకి ఏది వెళ్ళాలో తనదే నిర్ణయం. కొబ్బరాకుల పాక ఆవిడ రాజ్యం. మూర్ఖత్వమా, ఆత్మగౌరవమా అంటే రెండూ ఒకే కుండలో ఉడికాయి, విడదీయడం కష్టం.

తెలుగు ఇళ్ళలో లెక్క ఇంకో రకంగా నడిచేది. చాకలి, మంగలి, కుమ్మరి జీతగాళ్ళు కారు. కళ్ళంలో మేర, పండక్కి పాతబట్ట, సాయంత్రం ముంతలో అన్నం, ఇదీ వాళ్ళ రాబడి. పురుటి మైల, చావు మైల, ముట్టు బట్టలు, అన్నీ చాకలి రేవుకు చేరేవి. ఇంటి అశుచిని మూటగట్టి తీసుకుపోయేవాడు చాకలి. మల్లెపువ్వులా ఉతికి మడతపెట్టి తెచ్చినా ఆ బట్ట మడికి పనికిరాదు. ఇంటావిడో ఇంటాయనో మళ్ళీ నీళ్ళలో జాడించి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసుకుంటేనే పూజకు పనికొచ్చేది. మురికి వదిలించింది ఒకరు, శుద్ధి చేసింది ఇంకొకరు. ఒక బట్టకు రెండు ఉతుకులు. మొదటి ఉతుకుకు మేర ఇచ్చారు. దేవుడి దగ్గర చెల్లింది రెండోదే.

పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో బసవపురాణంలో మడివాలు మాచయ్య అనే చాకలి కథ చెప్పాడు. శివభక్తుల బట్టలు తప్ప ఉతకనన్న మొండివాడు మాచయ్య. అక్కడ ఉతుకే పూజ. రెండో జాడింపు అక్కర్లేదు. తెలుగు సాహిత్యం మొదటి రోజుల్లోనే ఈ మాట పలికింది, జనం విన్నారు, పండగలకు పాడుకున్నారు, ఆ తర్వాత కూడా బట్ట మళ్ళీ జాడిస్తూనే ఉన్నారు.

పురాణాల్లో వీధివర్తకుడికి మంచి స్థానమే దొరికింది. అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు కోపంగా చూస్తే కొంగ చచ్చి కిందపడుతుంది. ఆ గర్వంతో భిక్షకు వెళితే ఒక ఇల్లాలు కాసేపు ఆగమంటుంది. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్ళి మాంసం అమ్మేవాణ్ణి అడగమంటుంది. అతను ధర్మవ్యాధుడు. కొట్టు పక్కన నిలబడ్డ బ్రాహ్మణుణ్ణి ఇంటికి తీసుకెళ్ళి, ధర్మం చెప్పి, తల్లిదండ్రుల్ని చూపిస్తాడు. శాంతిపర్వంలో కాశీ వర్తకుడు తులాధారుడు తపస్వి జాజలికి తక్కెడ ముందు కూర్చుని పాఠం చెబుతాడు. బజారులో కూర్చున్నవాడి దగ్గర జ్ఞానం ఉండొచ్చని ఒప్పుకోవడానికి వ్యాసుడికి ఇబ్బంది లేదు.

ఇంటి నౌకరు సంగతి అలా కాదు. ధర్మవ్యాధుడు తన కొట్టు తను కట్టేసుకోగలడు, తన సాయంత్రం తనదే. పనిమనిషి సాయంత్రం యజమానిది. భాగవతం ప్రథమస్కంధంలో నారదుడు తన పూర్వజన్మ చెబుతాడు. అతను ఒక దాసీ కొడుకు. తల్లి వేదపండితుల ఇంట్లో పనిమనిషి. వానాకాలం నాలుగు నెలలు అక్కడ ఆగిన యోగులకు ఆ అయిదేళ్ళ పిల్లవాడు సేవ చేసి, వాళ్ళు తినగా మిగిలింది తిని, జ్ఞానం సంపాదించాడు. అమ్మ మీద మమకారం వల్ల ఇల్లు వదలలేకపోయాడు. ఒక రాత్రి ఆవిడ ఆవు పాలు పితకడానికి చీకట్లో వెళితే పాము కరిచింది. చనిపోయింది. పిల్లవాడు అది విష్ణువు దయ అనుకుని ఉత్తరదిక్కుకు నడిచిపోయాడు. మరుజన్మలో నారదుడయ్యాడు.

తెలుగువాళ్ళు ఈ కథను పోతన మాటల్లో ఎన్ని వందలసార్లు విన్నారో. హరికథలో ఇది నారదుడి వైరాగ్యం కథ. రాత్రిపూట ఎవరింటి పాల కోసం ఆవిడ చీకట్లోకి వెళ్ళిందని ఎవరూ అడగరు. ఆ పాలు తాగాల్సినవాళ్ళు ఆ రాత్రి ఏం చేశారో, శవాన్ని ఎవరు ఎత్తారో కథలో లేదు. కొడుక్కి మూడు లోకాల్లో తిరిగే వరం, తల్లికి పాముకాటు. ఆవిడ చేసిన సేవ పుణ్యంగా ఎవరి ఖాతాలో పడిందో భాగవతం చెప్పదు. వాహనం ఎక్కినవాడి పోయిన సగంలాగే ఇది కూడా జమ దొరకని పద్దు.

పేరుకు మాత్రం ఆవిడ పదవి చాలా గొప్పది. దాసుడు, దాసి అన్న మాటలు భక్తుల బిరుదులైపోయాయి. భద్రాచలంలో గోపన్న రామదాసయ్యాడు. విజయనగరంలో హరికథా పితామహుడు ఆదిభట్ల వారు నారాయణదాసయ్యారు. సంక్రాంతి నెలలో తల మీద అక్షయపాత్రతో వీధివీధి తిరిగేవాడు హరిదాసు, ఇంటింటికీ తిరిగి భిక్ష సేకరించేవాడు దాసరి. దేవుడికి దాసుణ్ణని చెప్పుకుంటే దండ వేస్తారు. ఫలానా అమ్మగారి దాసి అంటే మాత్రం గుమ్మం బయట నిలబెడతారు. భక్తికి కావలసిన మాటలన్నీ, పాదసేవ, ఊడిగం, ఎంగిలి తినడం, గుమ్మం దగ్గర పడి ఉండటం, పనివాళ్ళ బతుకులోంచి అరువు తెచ్చుకున్నవే. అరువు తీర్చినట్టు దాఖలా లేదు.

సింహాద్రి అప్పన్న రాజ్యంలో ఇంకో వింత ఉంది. ఇక్కడ పేర్లన్నీ ఆయనవే. జమీందారు అప్పలనరసింహరాజు, గుమాస్తా అప్పలస్వామి, పాలేరు అప్పలకొండ, దోసకాయలమ్మే ఆవిడ సింహాచలం. తేడా చివర తగిలించే ముక్కలో ఉంటుంది. ఒకరు ‘గారు’, ఇంకొకరు ‘గాడు’. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు ఇంటి నౌకరు అసిరిగాడు. నాటకంలో మతం గురించి గట్టిగా మాట్లాడేది సారా దుకాణంలో, బైరాగి ముందు కూర్చున్న తాగుబోతులు. అసిరిగాడు తత్వం మాట్లాడడు. వచ్చినవాళ్ళను, పోయినవాళ్ళను, యజమాని తిట్లను చూస్తూ ఉంటాడు. ఈ వ్యాసం రాసేవాళ్ళకు గిరీశం ఉపన్యాసాలకంటే ఆ చూపు మీద ఆసక్తి ఎక్కువ. ఆ నాటకంలో అందరి బండారం తెలిసినవాళ్ళలో అతనొకడు.

మనుస్మృతిలో ఒక చోట భార్య, కొడుకు, దాసుడు ఈ ముగ్గురికీ సొంత ఆస్తి లేదని ఉంది. సంపాదించింది ఎవరి అధీనంలో ఉంటారో వాళ్ళకే చెందుతుంది. ధనానికి ఈ నియమం ఉంటే పుణ్యానికి ఎందుకు ఉండదని దాసులున్న ఇంట్లో ఎవరైనా అనుకోవచ్చు. 1843 నాటి అయిదో చట్టంతో కుంపిణీ కోర్టులు మనిషి మీద యాజమాన్యపు హక్కును గుర్తించడం మానేశాయి. 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి మనుషుల్ని బానిసలుగా కొనడం, అమ్మడం నేరమంది. కాగితం మీద దాసుడు కూలివాడయ్యాడు. పుణ్యం లెక్కలో మాత్రం ఇక్కడొక తమాషా జరిగింది. దాసుడికి ఏదీ సొంతం కాదు కనక ఫలం పోయింది. కూలివాడు డబ్బు పుచ్చుకున్నాడు కనక ఫలం పోయింది. ఏమీ లేనందుకు ఒకడికి లేదు, ఏదో వచ్చినందుకు ఇంకొకడికి లేదు. రెండు తూములూ ఒకే చెరువులోకి.

దీనికి శాస్త్రంలో జవాబు వెతకడం మాని కొండ ఎక్కితే వేరే సంగతి కనిపిస్తుంది. సింహాచలంలో మూలవిరాట్టు నిజరూపం ఏడాదికి ఒక్కరోజే, వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయతృతీయ నాడు. మిగతా రోజులన్నీ స్వామి చందనం కిందే ఉంటాడు. ఆ చందనం ఊరికే రాదు. అక్షయతృతీయకు ముందు రోజుల తరబడి ఆలయ సిబ్బంది సానరాళ్ళ మీద గంధపు చెక్కలు చేత్తో అరగదీస్తారు. ఒక విడతకు మూడు మణుగులు, అంటే దాదాపు 125 కిలోలు. అక్షయతృతీయకు ఒకసారి, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు మరో మూడుసార్లు. నాలుగు విడతలకు పన్నెండు మణుగులు. భక్తుడు మొక్కుకునేది నరసింహస్వామికి. అతని కంటికి కనిపించే ఆ గుండ్రటి చందనపు ముద్ద మాత్రం ఎవరెవరి అరచేతుల అరుగుదలో. ఏడాదిలో ఒక్కరోజు తప్ప దేవుడికి ఆకారం ఇస్తున్నది ఆ పనే.

ఈ లెక్కన కొండ మీద కేశఖండనశాలలో కత్తి పట్టిన మంగలి, తలనీలాలు ఇచ్చిన భక్తుడు ఇద్దరూ ఒకే మొక్కులో రెండు చేతులు. ఒకరు వదులుకున్నారు, ఒకరు వదిలించారు. జైమిని నియమం ప్రకారం వదులుకున్నదే లెక్క. కత్తి కదలకుండా జుట్టు తనంత తాను వదలదన్నది కూడా అంతే నిజం.

బోయీల కథను రైలు ముగించింది. 1890ల్లో బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుతీరం పట్టాలు పడ్డాయి. వాల్తేరుకు రైలొచ్చింది. ఇప్పుడు సింహాచలం పేరుతో ఉన్న స్టేషన్ గోపాలపట్నం పక్కనే ఉంది. అణా పుణ్యం గురించి ధర్మసందేహం ఉన్న పెద్దలు కూడా మూడో తరగతి టిక్కెట్టు కొనుక్కుని ఎక్కారు. యానం సగం ఫలం తినేస్తుందన్న మాట ఆవిరియంత్రం ముందు ఎవరికీ గుర్తు రాలేదు. యంత్రానికి భుజం నొప్పి లేదు కనక, బహుశా మనస్సాక్షికి కూడా ఆ నొప్పి తగ్గింది. భుజాలు ఇంటిదారి పట్టాయి, పొలం కూలికి, కలకత్తాకు, రంగూన్ ఓడలకు.

పూర్తిగా పోలేదు. విశాఖ నుంచి కొన్ని గంటల దూరంలో, పాడేరు, అరకు కొండల్లో, రోడ్డు లేని ఊళ్ళలో పురిటినొప్పులు వచ్చిన మనిషిని ఇప్పటికీ కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకొస్తున్నారు. వార్తల్లో ఏటా కనిపించే దృశ్యమే. అక్కడ మోసేది భర్త, తమ్ముడు, పక్కింటివాడు. కూలి లేదు, పుణ్యం మాట ఎవరూ ఎత్తరు, వాగు దాటగలమా లేదా అన్నదొక్కటే ప్రశ్న.

గిరిప్రదక్షిణలో మాత్రం జనం తమకు తెలియకుండానే పాత పద్దును పాటిస్తున్నారు. బండెక్కరు, చాలామంది చెప్పులు వేసుకోరు, వానొస్తే తడుస్తారు. పోయే సగం, ఆ తర్వాత పోయే పావు, రెండూ మిగుల్చుకుంటారు. ఎవరి భుజమూ ఎక్కలేదు కనక ఎవరికీ బాకీ లేరు. ఆ రాత్రికి గోపాలపట్నం అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే ఆవిడా, ఆవిడ అమ్మగారూ ఒకే రోడ్డు మీద ఒకే రకంగా కుంటుతూ కనిపించవచ్చు. అయితే మర్నాడు ఉదయం అమ్మగారు పడుకుంటారు, ఆవిడ పనిలోకి వెళుతుంది.

పున్నమి తెల్లవారుజామున కొండ మీద నాలుగో విడత చందనం సిద్ధంగా ఉంటుంది. కింద రోడ్డంతా కాగితం పళ్ళేలు, గ్లాసులు, తొక్కిన అరటితొక్కలు. మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికులు చీపుళ్ళు పట్టుకుని ఎన్ఏడీ వైపు నుంచి ఊడ్చుకుంటూ వస్తారు. మజ్జిగ టెంటు కుర్రాళ్ళు ఖాళీ డ్రమ్ములు ఆటోలోకి ఎక్కిస్తారు. తోపుడుబండ్లవాళ్ళలో కొందరు మిగిలిన సీసాలు లెక్కపెట్టి, బండికి గోనెపట్టా కప్పి, కాస్త చూసుకోమని పక్కబండివాడికి చెప్పి, చెప్పులు బండి కింద వదిలేసి, ప్రహ్లాదపురం వైపు నడుస్తారు.